నీ నల్ల కేసు తీర్పు

పెతా తిక్వా, ఇస్రాయెల్,
ఆదివారం రాత్రి

అరేయ్ నల్ల సారూ,

ముందుగాల తిట్టుకో, తర్వాత చదువు. నీ ఉత్తరానికి ఇన్ని దినాలు జవాబు రాయలేదు, నిజమే. వాట్సాప్‌ల రెండు ముక్కలు కొట్టరాదా అంటవు. గీ ముచ్చట రెండు ముక్కలల్ల పట్టది రా. పైగ మధ్యల నువ్వు లొల్లి పెడ్తవు. కాయితం మీదైతే నోరు మూసుకొని చదవాలె.

అమ్మకు పైసలు చేరినయ్. వీసా కాయితాలు అయినయ్. నా మోకాలు అట్లనే ఉంది. చెల్లె సంబంధం సంగతి ఫోన్ల మాట్లాడుకుందాం, రాస్తే నాకు కోపమొస్తది. అయిపోయింది. ఇగ అసలుది.

నీ నల్ల, అదే నువ్వు వేపుకొని తినే మేకనెత్తురు, దాని మీద ఇక్కడ పెద్ద కేసే నడిచింది. జడ్జి మా సబా, నేను చూసుకునే ముసలాయన. తాతను ఇక్కడ సబా అంటరని చెప్పిన గదా. తొంభై దాటినయ్, నడవనీకి నేను కావాలె గని తెలివి ఇంకా పాదరసమే. బతుకంత పిల్లలకు తల్మూద్, అంటే యూదుల పెద్దల ధర్మశాస్త్రం, చెప్పిన పంతులు. ఆయన వంటింటి సంగతి నీకెరుకే: రెండు సింకులు, రెండు తీర్ల గిన్నెలు, పాలకొకటి, మాంసానికొకటి. బయటోడు వండింది తినొద్దని వాళ్ల పెద్దల కట్టుబాటు, గని పొయ్యి యూదుడు ముట్టిస్తే చాలునట ఆయన తరఫోళ్లకు. అందుకే పొద్దుగాల ఉప్మాకు ఆయన వణుకుకుంటనే బటన్ తిప్పుతడు, నేను రవ్వ పోస్త. ఉప్మా చెడిపోతే తప్పు నాదే, మంచిగైతే మంట ఆయనది.

వీళ్ల కొత్త సంవత్సరానికి ఆపిల్ ముక్కలు తేనెల ముంచుకొని తింటరు. ఆ తేనె సీసాల చీమ కనబడ్డది. నేను చెంచాతోని తీసి పడేద్దామని పోతుంటె సబా భూతద్దం తెప్పించి దాన్ని చూసి, "ఇది పందికన్న అయిదింతలు" అన్నడు. సుగర్ ఎక్కువై మాట తప్పుతుండు అనుకున్న. కాదు రా! పెద్ద పుస్తకం దించమన్నడు, తల్మూద్‌ల మక్కోత్ అనే భాగం. అండ్ల రాసుందట: చీమను తింటే అయిదు శిక్షలు, కందిరీగను తింటే ఆరు. పందికి ఒక్కటే. ఒక్కో శిక్ష అంటే 39 దెబ్బలు. పాకేటివి తినొద్దు అని తోరాల, అంటే వాళ్ల మూల గ్రంథంల, ఒక్కసారి కాదు, తిప్పి తిప్పి రాసిండ్రట, చీమకు అవన్ని తగుల్తయ్. కందిరీగకు రెక్కలున్నయ్ గనుక ఇంకోటి ఎక్కువ. ఇప్పుడు ఆ దెబ్బలు కొట్టే కోర్టులు లేవులే, ఎప్పుడో పోయినయ్. లెక్క మాత్రం ఉంది.

ఇంకా విను. పందిమాంసం ఆలివ్ కాయంత తింటేనే ఆ శిక్ష. చీమ నిండు ప్రాణి గనుక ఎంత చిన్నగున్నా పూర్తి తప్పే. పంది ముక్క పొరపాటున కూరల పడితే, కూర దానికి 60 వంతులుండి రుచి తెల్వకపోతే పోయిందనుకుంటరు. నిండు చీమ పడితే వెయ్యి వంతుల కూరున్నా పోదు! అందుకే వీళ్లు గోబీపువ్వును, పాలకూరను దీపం కింద పెట్టి చూసుకుంట కూర్చుంటరు. నేనేమో ఇన్నొద్దులు అది ముసలోళ్ల చాదస్తం అనుకున్న.

"మరి పందంటే అందరు అంత ఉలిక్కిపడుడెందుకు?" అని అడిగిన. దానికి సబా చెప్పింది నాకు మస్తు నచ్చింది. పాత రోజులల్ల, క్రీస్తుకు ముందు 160ల మాట, అంతియోకస్ అనే రాజు యూదులతోని పందిమాంసం బలవంతంగ తినిపియ్య చూసిండట. తినకుండ చచ్చిపోయినోళ్ల కథలు ఇంటింట చెప్పుకుంటరు. అప్పటిసంది దాని మీద పగ. 1962ల గీ దేశంల పందుల పెంపకం మీద చట్టం గూడ తెచ్చిండ్రు, ఉత్తరాన కొన్ని ఊర్లల్ల తప్ప పెంచొద్దని. గని శిక్షల పట్టీల చూస్తె అదేం పెద్ద నేరం కాదు. పంది తోలు బెల్టు పెట్టుకున్నా తప్పులేదట. అదే మాంసం, పాలు కలిపి వండిండ్రనుకో, తినుడే కాదు, వండుడే తప్పు, కుక్కకు పెట్టుడు గూడ తప్పు. మటన్‌ను పెరుగుల నానబెట్టి దమ్ పెడ్తం గదా, మన బిర్యాని? అది చెప్తే ఆయన చెవులు మూసుకున్నడు. మీ మామ పెండ్లి బిర్యాని సంగతైతే చెప్పనే లేదు. అది ఏ మతంల గూడ చెల్లది.

అప్పుడు నాకు నువ్వు యాదికొచ్చినవ్. "సబా, మా దోస్త్ ఒకడున్నడు, ఆదివారం పొద్దుగాల మేకనెత్తురు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి వేపుకొని తింటడు. వానికెన్ని దెబ్బలు?" అన్న.

ఆయన ముఖం చూడాల్సింది రా. దెబ్బలతోని పోయేది కాదట. నెత్తురుకు కారేత్. దేవుడే ఆ మనిషిని జనంల నుంచి తెంపేస్తడు. మాంసాన్ని అరగంట నీళ్లల్ల, గంట ఉప్పుల పెట్టి నెత్తురు కార్చేది అందుకేనట. లివర్‌కైతే ఉప్పు గూడ చాలది, నిప్పు మీద కాల్చాలె. మేక పొట్ట మీది పొర, గుర్దాల చుట్టుండే కొవ్వు, నువ్వు బోటి కూరల కావాలని వేయించుకునేది, దానికి గూడ కారేతే. వాళ్ల పస్కా పండుగ ఏడు దినాలల్ల పులిసిన రొట్టె తింటే కారేత్. ఏడాదంత తినే రొట్టే! ఆ వారం నేను బువ్వ లేక సచ్చిన గదా, అన్నం తినొద్దనేది మాత్రం పాపం గూడ కాదట, ఆయన తరఫోళ్ల రివాజు అంతే. అన్నిట్ల చిన్నదానికే నేను ఎక్కువ ఏడ్చిన.

సరే, నువ్వు కారేత్ గాడివని తేల్చుకొని నవ్వుకున్నం. గని పది దినాలకు కిప్పూర్ వచ్చింది, వాళ్ల పెద్ద ఉపవాసం. ఇరవై అయిదు గంటలు మంచినీళ్లు గూడ ముట్టరు. రోడ్ల మీద ఒక్క కారుండది, పిల్లలు హైవేల మీద సైకిళ్లు తొక్కుతరు. ఆ దినం తింటే అది గూడ కారేతే. సబాకు ఇన్సులిన్. డాక్టర్ ముందే చెప్పిండు, తినకుంటే ప్రాణం మీదికొస్తదని. వాళ్ల రబ్బి, అంటే మతగురువు, వచ్చి గూడ చెప్పిండు. ముసలాయన వింటేనా! "నాకేం కాదు, నేనుంటా" అని మంకుపట్టు. పొద్దుగాలనే చేతులు చల్లగైనయ్, చెమటలు. నాకు కాళ్లు వణికినయ్ రా, నిజం చెప్తున్న. అయినా గట్టిగనే మాట్లాడిన: "మీ పుస్తకంలనే ఉందని మీరే చెప్పిండ్రు గదా. రోగి నాకు కావాలె అంటే వంద మంది డాక్టర్లు వద్దన్నా రోగి మాటే. రోగి వద్దని డాక్టర్ కావాలంటే డాక్టర్ మాటే." కొంచెం సేపు నా దిక్కే చూసిండు. తర్వాత నోరు తెరిచిండు.

అండ్ల గూడ లెక్కుంది. పెద్ద ఖర్జూరపండంత ఒక్క దమ్మున తింటేనే కారేత్. అందుకే రబ్బి చెప్పిన తీరుగ, 30 మిల్లీలీటర్లకు మించకుండ దవాయి కొలిచే చిన్న గ్లాసుల పోసి, 9 నిమిషాలకోసారి. తప్పదన్నప్పుడు గూడ బరువు తగ్గించుకుంట పోవాలన్నట్టు. గోడ గడియారం చూసుకుంట నేను పోసుడు, ఆయన మింగుడు. మొదటి గుటకకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. చిన్నప్పుడు రుమేనియాల యుద్ధం రోజులల్ల వాళ్ల నాయన ఆకలికి ఏం తినిపిచ్చిండో చెప్పబోయిండు, చెప్పలే. నేను అడగలే. అది వేరే...

రెండు మూడు గ్లాసులైనంక చేతులు వెచ్చబడ్డయ్, పంతులు లేచిండు. ఆ తొమ్మిదేసి నిమిషాలల్ల నాకు పాఠాలు! 1848ల విల్నా అనే ఊర్ల కలరా వస్తే రబ్బి ఇస్రాయెల్ సలాంతర్ అందరిని కిప్పూర్ దినమే తినమన్నడట. ఆయనే గుడిల నిలబడి తిన్నడని గూడ కథగ చెప్పుకుంటరు. తర్వాత నాకు పొడుపుకథలు. నువ్వు గూడ చెప్పు, కిందికి చూడకు: ఒకనికి ఆకలితోని కండ్లు చీకట్లు కమ్మినయ్. ఒక దిక్కు చచ్చిన గొడ్డు మాంసం, ఒక దిక్కు యాజకుని భాగం తియ్యని ధాన్యం. ఏది పెడ్తవ్? ధాన్యమంటవు. కాదు, మాంసమే! తేలికది ముందు పెట్టాలె, కండ్లల్ల వెలుగొచ్చేదాక. చచ్చిన గొడ్డుకు దెబ్బలే, ఆ ధాన్యానికి పైవాని చేతుల చావు.

ఇంకోటి. సబ్బాత్ నాడు, అంటే పని చెయ్యొద్దనే వాళ్ల శనివారం, రోగికి మాంసం కావాలె. చచ్చిన గొడ్డు మాంసం రెడీగుంది. లేకుంటే మేకను కోయాలె, సబ్బాత్ నాడు కోసుడంటే రాళ్లతోని కొట్టి చంపేంత నేరం. ఇప్పుడు "తేలికది ముందు" అంటవు గదా? కాదట! మేకనే కోయాలె. ఎందుకంటె కోసుడు ఒక్కసారి, చచ్చిన గొడ్డైతే ఆలివ్ కాయంత ముక్క ముక్కకు ఒక తప్పు. ఇంకొందరు, రోగికి తెలిస్తే అసహ్యమై తినడు, చచ్చిపోతడు అన్నరట. నాకు రెండోదే నచ్చింది. మనిషి ముఖం చూసి చెప్పిన తీర్పు అది. సబాకు మాత్రం మొదటిదే. పంతులు గదా.

ఆ రాత్రి ఉపవాసం విడిచినంక చాయ్ తాగుకుంట, ఆయనంతల ఆయనే, "ఆ నెత్తురు, వండి తింటడా పచ్చిదా?" అన్నడు. దినమంత కడుపుల పెట్టుకున్నడు రా నీ కేసు! వండే అన్న. ఎగిరి గంతేసినంత పనిచేసిండు. వండిన నెత్తురుకు కారేత్ లేదని తల్మూద్‌ల ఒక మాటుందట, అది పెద్దలు పెట్టిన నిషేధం వరకే. అంటే నువ్వు మిర్చి వేసి వేపుడే నిన్ను కాపాడింది. నేను పండుగ చేసుకునే లోపలనే, "గని ఆ మేకను మా పద్ధతిల కోయలే గదా, అయితే అది చచ్చిన గొడ్డు కిందికే" అని ఇంకో సెక్షన్ తీసిండు. ఆఖరికి నవ్వి, "మీ దోస్త్ యూదుడా?" అన్నడు. కాదన్న. అయితే గివేవీ వర్తించవట. మనుషులందరికి వర్తించేది తిండిల ఒక్కటే: బతికున్న జంతువు నుంచి కోసిన ముక్క తినొద్దు. కేసు కొట్టేసిండు. అంత సేపు నడిపి!

యూదుడా అంటే గుర్తొచ్చింది, గుంటూరు దిక్కు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంల తెలుగు యూదులున్నరట రా, బెనే ఎఫ్రయిం అంటరు. వాళ్లేం తింటరో, తెలుగుల ఎట్ల అడుగుతరో కనుక్కొమ్మని సబా నా పానం తీస్తుండు. మీ బావ తెనాలిలనే ఉన్నడు గదా, జర అడుగు.

ఇంకా కోడి ముచ్చట చెప్పనే లేదు. కోడిని పాలతోని తినొద్దనేది పెద్దలు పెట్టిందే. గలిలయకు చెందిన రబ్బి యోసి ఉన్న ఊర్ల మాత్రం తినేటోళ్లట, ఎందుకంటె కోడికి తల్లిపాలెక్కడియి అని ఆయన...

సబా గంట కొడ్తుండు. గోళీల టైం. చెల్లె సంగతి ఎవరికి చెప్పకు.

నీ
కాంతిగాడు