ఆదివారం బ్లాక్‌చెయిన్ బ్యాచ్ ఆగదు, ల్యాబే మారుతోంది

విద్యార్థులకు, తల్లిదండ్రులకు నమస్కారం.

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గరున్న మన కంప్యూటర్ సెంటర్‌లో ల్యాబ్ ఎందుకు ఆగిందో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. పోలీసులొచ్చారని కూడా ఎవరో పుట్టించారు. పోలీసులూ రాలేదు, నోటీసూ రాలేదు. మనకు ఆన్‌లైన్ ల్యాబ్ అద్దెకిచ్చే బెంగళూరు కంపెనీ చెప్పాపెట్టకుండా మన అకౌంట్ మూసేసింది.

మూసేశాక ఒక మెయిల్ పంపారు. మీ పిల్లలు మిక్సర్ కోడ్ (ఎవరి క్రిప్టో ఎటు పోయిందో తెలియకుండా అందరిదీ కలిపేసేది) నడుపుతున్నారు, అది దొంగ సొమ్ము దాచడానికి వాడేది అని. ఏడాది డబ్బు ముందే కట్టించుకున్నవాళ్లు ఒక్క ఫోన్ చెయ్యలేకపోయారా? పైగా ఆ పాఠం వాళ్లు అమ్మిన సిలబస్‌లోదే, రంగు బొమ్మలతో సహా. వాళ్లమ్మితే టెక్నాలజీ, మేం చెబితే దొంగతనం!

వాళ్ల భయం టోర్నడో క్యాష్ అనే మిక్సర్ కేసు నుంచి వచ్చింది. అందులో అందరూ ఒకే మొత్తం, ఉదాహరణకు 1 ఈథర్ (ఒక రకం క్రిప్టో నాణెం) చొప్పున, ఒకే చోట వేస్తారు. వేసినవాడికి ఒక రహస్య సంఖ్య వస్తుంది. తర్వాత వేరే అడ్రస్‌కు తీసుకునేటప్పుడు, వేసినవాళ్లలో నేనూ ఉన్నానని గణితంతో రుజువు చేస్తే చాలు, ఎవరో చెప్పక్కర్లేదు. బ్లాక్‌చెయిన్‌లో లెక్కలన్నీ అందరికీ కనబడతాయి కాబట్టి, తన లెక్కలు లోకం చూడకూడదనుకున్నవాళ్లూ దాన్ని వాడారు, ఉత్తర కొరియా హ్యాకర్లూ వాడారు. 2022 ఆగస్టులో అమెరికా దానిమీద ఆంక్షలు పెట్టింది, 2025 మార్చిలో ఎత్తేసింది. ఈలోపే దాన్ని తయారుచేసినవాళ్లలో అలెక్సీ పెర్ట్‌సెవ్‌కు నెదర్లాండ్స్ కోర్టు 64 నెలల జైలు వేసింది. వాళ్లలోనే ఇంకొకడైన రోమన్ స్టార్మ్‌ను న్యూయార్క్ జ్యూరీ లైసెన్సు లేని డబ్బు బదిలీ వ్యాపారానికి కుట్ర చేశాడని తేల్చింది. మనీలాండరింగ్ అభియోగం మీద మాత్రం జ్యూరీ ఒక మాటకు రాలేకపోయింది.

దీనిమీద క్లాసులో పెద్ద రగడే జరిగింది. ధర్మవరం నుంచి కొడుకును తీసుకొచ్చిన ఒక పెద్దాయన, "వేటకొడవలి చేసిన కమ్మరిని కేసులో పెడతారా సార్?" అన్నాడు. వెనక బెంచీ అమ్మాయి వెంటనే అందుకుంది: "ఎవరు ఎందుకు కొంటున్నారో తెలిసి, నరికిన ప్రతిసారీ కమీషన్ తీసుకుంటే?" సమురాయ్ వాలెట్ అనే ఇంకో మిక్సర్ నడిపినవాళ్ల సంగతి అదే. ఫీజు తీసుకున్నారు, నేరం సొమ్మని తెలిసే నడిపామని ఒప్పుకున్నారు, 2025 నవంబరులో ఒకరికి ఐదేళ్లు, ఇంకొకరికి నాలుగేళ్లు పడింది. దానికి నాకు అభ్యంతరం లేదు. టోర్నడోలో కోడ్‌ను 2020లోనే ఎవరూ మార్చలేకుండా వదిలేశారు, రాసినవాళ్లు ఆపుదామన్నా ఆగదు. అయితే వెబ్‌సైట్ నడిపిందీ, టోర్నడో సొంత నాణెం (టోకెన్)లో లాభం చూసిందీ వాళ్లే కదా అని ప్రాసిక్యూషన్ వాదన. అది కొట్టిపారేసేది కాదు. అయినా పెర్ట్‌సెవ్ శిక్ష మాత్రం నాకు మింగుడు పడలేదు.

ఇక అసలు సంగతి. అకౌంట్ తిరిగి తెరవాలంటే మిక్సర్ లాంటి ప్రైవసీ పాఠాలు ఇకపై చెప్పబోమని రాసిచ్చి సంతకం పెట్టాలన్నారు. ఆ కాగితం ప్రింట్ తీసి కౌంటర్ గాజు కింద పెట్టాను. ఫీజు రసీదు రాసిన ప్రతిసారీ అదే కంటపడేది. సంతకం పెడితే సోమవారానికల్లా ల్యాబ్ వచ్చేది, మీకు టెన్షన్ ఉండేది కాదు. ఇంట్లో కూడా "పెట్టి పారేయండి, పంతానికి పోకండి" అన్నారు. నిద్ర పట్టలేదు. కానీ జీరో నాలెడ్జ్ ప్రూఫ్ (రహస్యం బయటపెట్టకుండా గణితంతో రుజువు చేయడం, పైన చెప్పిందే) చెప్పకుండా బ్లాక్‌చెయిన్ నేర్పానని సర్టిఫికెట్ ఎలా ఇచ్చేది? సంతకం పెట్టలేదు. పంతమే అనుకోండి.

మన దేశంలో 2023 మార్చి 7 నోటిఫికేషన్‌తో ఇతరుల తరఫున క్రిప్టో మార్చే, బదిలీ చేసే, భద్రపరిచే వ్యాపారాలు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. మనం ఆ వ్యాపారం చెయ్యట్లేదు, చెయ్యం. ఇకనుంచి కోడ్ అంతా మన సెంటర్ మెషీన్లలోనే, ఉత్తుత్తి నాణేలతో నడుస్తుంది. నిజం క్రిప్టో నడిచే అసలు నెట్‌వర్క్‌లో కోడ్ పెట్టినవాళ్లను ఆ రోజే బ్యాచ్ నుంచి తీసేస్తాను, ఎవరి పిల్లలైనా సరే.

టైమింగ్స్ మారవు. వద్దనుకున్నవాళ్లు రసీదు తెస్తే మిగిలిన నెలల ఫీజు వాపసు ఇస్తాను, ముఖం మాడ్చుకోను. ఆ కంపెనీ మన డబ్బు ఇంకా తిరిగివ్వలేదు. వకీలుతో లెటర్ పంపించాను.