ఆ ఇంక్రిమెంటల్ క్లాజు సంగతి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ ఇప్పుడే చూశాను. హైదరాబాద్ ఆఫీసులో చేరీ చేరగానే అమెరికా లోన్ అగ్రిమెంట్లు చేతిలో పెట్టారా, మరి టెన్షన్ రాదా! "పాత బ్యాంకుల్ని అడక్కుండానే కంపెనీ ఇంకో అప్పు తెచ్చుకోవచ్చట, ఇదెక్కడి అన్యాయం" అన్నావు. విజయవాడ బ్రాంచిలో పనిచేసినవాడివి, ఆ అనుమానం రావాల్సిందే. అక్కడ మామూలుగా పాత బ్యాంకు ఎన్‌ఓసీ ఇవ్వందే అదే ఆస్తి మీద కొత్త బ్యాంకుకి పారి పాసు చార్జి (పాతవాళ్ళతో సమాన హక్కున్న తనఖా) రాదు కదా, ఇక్కడ ఆ ఎన్‌ఓసీ మొదటి రోజే రాసిచ్చేస్తారు. దాని పేరే ఇంక్రిమెంటల్ ఫెసిలిటీ, అకార్డియన్ అన్నా అదే. అయితే ఇది అనుమతి మాత్రమే, కొత్త డబ్బు ఇచ్చి తీరాలని ఎవరి మీదా బలవంతం లేదు.

అసలు చూడాల్సింది ఎంతవరకు తేవచ్చన్న లెక్క. సాధారణంగా రెండు బాస్కెట్లుంటాయి, అంటే అప్పుకి రెండు హద్దులు: ఒకటి ఫిక్స్‌డ్ (ఇంత మొత్తమని), రెండోది రేషియో (సంపాదనకి ఇన్ని రెట్లని). ఒక కంపెనీ ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) 10 కోట్ల డాలర్లు, ఫస్ట్ లీన్ అప్పు (తనఖా మీద మొదటి హక్కున్నది) 40 కోట్లు అనుకో. రేషియో హద్దు ఎబిటాకి 4 రెట్లైతే ఆ బాస్కెట్ నిండిపోయినట్టే, 10 కోట్లు లేదా ఎబిటాకి సమానం, ఏది ఎక్కువైతే అది అనే ఫిక్స్‌డ్ బాస్కెట్ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ముందుముందు ఖర్చులు తగ్గుతాయని చెప్పి ఎబిటాకి 25 శాతం కలిపేసుకున్నారు (అగ్రిమెంటే ఒప్పుకుంటుందిరా, అదే నాకు ఒళ్ళు మండే విషయం). 12.5 కోట్లైంది. రేషియో కింద 10 కోట్లు, ఫిక్స్‌డ్ కింద 12.5 కోట్లు, పాత 40తో కలిపి మొత్తం అప్పు 62.5 కోట్లు. ముందు రేషియో వాడి తర్వాత ఫిక్స్‌డ్ వాడతారు, లేకపోతే ఫిక్స్‌డ్ కింద తెచ్చింది కూడా రేషియో లెక్కలో పడి వాళ్ళకే నష్టం. నిజంగా చేతికొచ్చే ఎబిటాతో చూస్తే 6.25 రెట్లు! పప్పు గిన్నె అదే, బంతిలో మనుషులు పెరిగారు. అందుకే నువ్వు క్లాజు చదివే ముందు ఎబిటా డెఫినిషన్ చదువు, ఎన్ని పేజీలున్నా సరే.

పాతవాళ్ళకి ఎంఎఫ్ఎన్ (మోస్ట్ ఫేవర్డ్ నేషన్) అని ఒక రక్షణ ఉంటుంది. కొత్త లోన్ మీద రాబడి పాతదానికంటే అర శాతం దాటి ఎక్కువైతే పాతవాళ్ళకీ ఆ తేడా అర శాతానికి దిగేదాకా పెంచాలి. చాలా డీల్స్‌లో ఇది ఆరు నెలలకో ఏడాదికో అయిపోతుంది. పైగా అదే డబ్బు బాండ్ల రూపంలో తెస్తే చాలాసార్లు అసలు వర్తించదు.

ఒక్కోసారి కొత్త అప్పుతో వచ్చే ఓట్లే అసలు సరుకు. ఇన్‌కోరా అని టెక్సస్‌లో విమానాల విడిభాగాలు అమ్మే కంపెనీ, 2022లో కొందరు బాండ్ హోల్డర్లతో మాట్లాడుకుని వాళ్ళకే 25 కోట్ల డాలర్ల అదనపు బాండ్లిచ్చింది. దాంతో వాళ్ళ ఓట్ల వాటా తనఖా తీసెయ్యడానికి కావాల్సిన మూడింట రెండొంతులు దాటి, మిగతావాళ్ళ తనఖా ఎత్తేశారు. 2023లో కంపెనీ హ్యూస్టన్ కోర్టులో దివాలా పిటిషన్ వేశాక ఆ గొడవ పెద్దదైంది. అది బాండ్ల ఒప్పందమే అనుకో, అయినా ఓట్ల పేజీ కూడా చూడాలని ఎందుకంటున్నానో అర్థమైంది కదా.

సరే, రేపు ఆఫీసుకెళ్ళాక ఎంఎఫ్ఎన్‌కి గడువు రాశారో లేదో చూసి చెప్పు. కంపెనీ పేరు మాత్రం నాకు రాయకురోయ్, ఉద్యోగం ఊడుతుంది.

నీ
రవి