పైపు వేశారు సరే, వీధి ఎప్పుడు పూడుస్తారు?

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కమిషనర్ గారికి అర్జీ ఇచ్చాం. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చాం. కౌన్సిలర్ గారినైతే కనపడినప్పుడల్లా అడిగాం, ఇప్పుడాయన మా వైపు రావడమే మానేశారు. ఇక మిగిలింది మీరే.

పట్టణాల్లో తాగునీటి కోసం కేంద్రం తెచ్చిన అమృత్ పథకం గురించి మీకు మేం చెప్పేదేముంది? 2015లో మొదటిసారి వచ్చినప్పుడు ఎక్కువగా లక్ష జనాభా దాటిన ఊళ్లకే ఇచ్చారు, మాలాంటి చిన్న పట్టణాలు చూస్తూ ఉండిపోయాయి. 2021 అక్టోబరులో రెండోది మొదలుపెట్టి ప్రతి పట్టణానికీ, ప్రతి ఇంటికీ కుళాయి అన్నారు. సంతోషించాం. జేసీబీ వీధిలోకి వచ్చిన రోజు ఎవరం అడ్డు చెప్పలేదు. ఇళ్ల ముందు మెట్లు పగలగొడుతున్నా ఊరుకున్నాం.

పైపు పడింది. మట్టి కప్పి వెళ్లిపోయారు.

కప్పారని మర్యాదకు అంటున్నాను సార్. పొరలు పొరలుగా మట్టి పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టాలని ఏ మేస్త్రీని అడిగినా చెప్తాడు. మా దగ్గర తవ్విన మట్టినే సీసీ పెచ్చులతో సహా గోతిలోకి నెట్టి, జేసీబీ బకెట్‌తో పైన రెండు దెబ్బలు వేసి పోయారు. మొదటి వానకే దిగబడింది. ఇప్పుడు వీధి నడుమ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మోకాలి లోతు గాడి.

పాలబ్బాయి బండి దిగి నడిపించుకుంటూ వస్తాడు. గ్యాస్ సిలిండర్ దొర్లించుకుంటూ తెస్తారు. స్కూలు ఆటో వీధి మొగలోనే ఆగిపోతుంది, పిల్లలు గోడ వారగా ఒకరి వెనక ఒకరు నడిచి వెళ్లి ఎక్కుతారు. 108 అయినా అంతే. పక్కింటి పెద్దాయనకు ఆయాసం ఎక్కువైతే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మొగదాకా మోసుకెళ్లాం. మోసేవాళ్లు ఎక్కడ జారతారోనని ఆయన కంటే మాకే ఎక్కువ టెన్షన్.

రాత్రిళ్లు స్తంభానికి లైటు వెలగదు (దానికి వేరే అర్జీ ఉంది లెండి). గోతిలో వేపకొమ్మ పాతి ఎర్రగుడ్డ కట్టింది మున్సిపాలిటీ కాదు, ఇస్త్రీ బండి అతను. కొమ్మ ఎండితే ఆయనే మారుస్తాడు. మా వీధి రోడ్డు భద్రత శాఖ ప్రస్తుతం ఆయన చేతిలోనే ఉంది.

అసలు భయం ఇంకొకటి. తవ్వేటప్పుడు డ్రెయిన్ గోడ పగిలింది. ఆ మురుగంతా గాడిలోకి దిగుతోంది, తాగునీటి పైపు ఉన్నది కూడా ఆ గాడిలోనే. ఇంటింటి ముందూ నీలం గీతల నల్ల పైపు ముక్క నేలలోంచి లేచి నిలబడింది. మూతికి పాలిథిన్ కవరు, దానికో రబ్బరు బ్యాండు. కుళాయి లేదు, మీటరు లేదు, నీళ్ల సంగతి సరేసరి. కొన్నిచోట్ల కవరు కూడా ఊడిపోయింది. రేపు నీళ్లు వదిలితే ఆ పైపులోంచి ముందు ఏమొస్తుందో మీరే ఊహించండి.

అడిగితే, టెస్టింగ్ అయ్యాకే రోడ్డు అంటారు. న్యాయమే, లీకులు చూడకుండా కాంక్రీటు పోస్తే మళ్లీ పగలగొట్టాలి. మరి టెస్టింగ్ ఎప్పుడు? ట్యాంకు పూర్తయ్యాక. ట్యాంకు ఎప్పుడు? కాంట్రాక్టరుకు బిల్లు వచ్చాక. బిల్లు? పైనుంచి రావాలట. పైన అంటే మీరే కదా సార్.

ఈలోగా ఫోనుకు మెసేజ్ వచ్చింది, 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని. జత చేసిన ఫొటోలో రోడ్డు చాలా బాగుంది. అది ఏ వీధో చెబితే ఒకసారి వెళ్లి చూసొస్తాం. ఇంటి పన్ను ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ వేస్తారు, కట్టుకుంటాం. వీధి పూడ్చడం ఆలస్యమైతే వడ్డీ ఎవరి మీద వేయాలి?

సీసీ రోడ్డు ఇప్పుడే వేయమని పట్టుబట్టడం లేదు. ముందు ఆ డ్రెయిన్ గోడ కట్టించండి. టెస్టింగ్ ఆలస్యమయ్యేట్టుంటే గాడిలో గట్టిగా మట్టి కూరి, కంకర పోసి రోలరు తిప్పించండి, 108 లోపలికి వస్తే చాలు. తవ్విన వీధి పూడ్చేదాకా కొత్త వీధిలో జేసీబీ దించనివ్వకండి. వచ్చే వారం వెనక వీధి తవ్వుతారని అప్పుడే ముగ్గుపొడితో గీతలు గీసి వెళ్లారు. దయచేసి ఆపించండి. పూడ్చాకే తవ్వమనండి.

వీలుంటే స్వయంగా రండి. మీ కారు లోపలికి రాదు, మొగలో దిగి నడవాల్సి ఉంటుంది. ఎడమ గోడ వారగా రండి సార్, కుడివైపు డ్రెయిన్‌కు మూత లేదు.

ఇట్లు,
తవ్వి వదిలేసిన వీధి వాసి