కొత్త మోడెమ్ పెట్టె విప్పే ముందు

గుంటూరు,
20 మే 2001.

చి॥ చిన్నాకి,

అమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. ఎండలు మండిపోతున్నాయి, మధ్యాహ్నం పూట బయట తిరగకు.

ఫోను లైను మీద కంప్యూటర్ని ఇంటర్నెట్‌కి కలిపే మోడెమ్ కొన్నానని ఫోన్లో చెప్పావు, చాలా సంతోషం. మన షాపు నుంచి నీకు పంపిన సిస్టం పాతదే అయినా పెంటియం 100 ప్రాసెసర్, 16 ఎంబీ ర్యామ్ ఉంది. మెయిల్ చూసుకోవడానికి, ఉద్యోగాలకి రెజ్యూమె పంపడానికి అది చాలు. నువ్వు బయట పెట్టుకునే మోడెమ్ కొనడం మంచి పని. లోపల పెట్టే చవక కార్డుల్లో చాలావరకు తమ పనంతా ప్రాసెసర్ మీద వేస్తాయి, మన మెషిను ఆ బరువు మొయ్యలేదు. అయితే తొందరపడి తగిలించెయ్యకు. ముందు చెయ్యాల్సినవి రాస్తున్నాను. మెకానిక్ అక్కర్లేదు, నువ్వే చేసుకోగలవు.

ముందుగా డి డ్రైవులోని శుభలేఖలు, కరపత్రాల ఫైళ్ళూ తెలుగు ఫాంట్లూ కొత్త ఫ్లాపీల్లోకి ఎక్కించు. ఫాంట్లు మాత్రం మర్చిపోకు నాన్నా. ఆ ఫాంటు లేకపోతే ఫైలు తెరిచినా అర్థంలేని గీతలే కనిపిస్తాయి. కాపీ అయ్యాక ఒకటి రెండు ఫైళ్ళు ఫ్లాపీలోంచే తెరిచి చూసుకో.

అసలు పని పాత మోడెమ్ కార్డుతో. మనం ఫ్యాక్సుకి వాడిన కార్డు ఇంకా లోపలే ఉంది. దాని జంపర్లు (ఏ పోర్టు వాడాలో ఎంచే చిన్న క్లిప్పులు) కామ్ 2 మీద, అంటే రెండో సీరియల్ పోర్టు మీద ఉన్నాయి. అందుకే అప్పట్లో బయోస్‌లో (సిస్టం ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగుల్లో) వెనకవైపు కామ్ 2 పోర్టుని ఆపించాం. కామ్ 1కి మౌసు ఉంది కాబట్టి కొత్త మోడెమ్‌కి కామ్ 2 ఒక్కటే దిక్కు. కార్డుని అలాగే ఉంచి పోర్టు తెరిస్తే రెండూ ఐఆర్‌క్యూ 3 (ప్రాసెసర్‌ని పిలిచే లైను) కోసం కొట్టుకుంటాయి, ఏదీ పనిచెయ్యదు. మొదట విండోస్‌లో, కంట్రోల్ ప్యానెల్లో, మోడెమ్స్‌లోకి వెళ్ళి పాతదాన్ని రిమూవ్ చెయ్యి. ఆ తర్వాతే సిస్టం ఆపి, కార్డు తియ్యాలి.

మూత తీశాక చెయ్యి క్యాబినెట్ ఇనుముకి తాకించు. ఒంట్లో స్టాటిక్ ఉంటే దిగిపోతుంది. స్క్రూ విప్పి, కార్డుని రెండు చివర్లా పట్టుకుని పొడవు వైపే మెల్లగా కదిలిస్తూ పైకి లాగు. పక్కలకి వంచితే స్లాటు విరుగుతుంది. ఎలాగూ మూత తీశావు కాబట్టి పొడి పెయింటింగ్ బ్రష్షుతో ఫ్యాన్ దగ్గర దుమ్ము దులుపు.

తర్వాత మళ్ళీ ఆన్ చేసి డెల్ నొక్కి బయోస్‌లోకి వెళ్ళు. ఇంటిగ్రేటెడ్ పెరిఫెరల్స్‌లో రెండో సీరియల్ పోర్టుకి 2ఎఫ్8 అనే చిరునామా, ఐఆర్‌క్యూ 3 పెట్టి సేవ్ చెయ్యి. విండోస్ మొదలవుతుండగా ఎఫ్8 నొక్కి కమాండ్ ప్రాంప్ట్‌లోకి దిగి, డాస్ ఫోల్డరులో ఎంఎస్‌డి అని కొట్టు, సిస్టంలో ఏమేం ఉన్నాయో చూపే ప్రోగ్రాం అది. కామ్ పోర్టుల పేజీలో సీరియల్ పోర్టుని నడిపే యూఆర్ట్ చిప్ ఏదో కనిపిస్తుంది. 16550 అని ఉంటే దిగులు లేదు, దానికి 16 అక్షరాలు దాచుకునే చోటు ఉంటుంది. 8250 గానీ 16450 గానీ అయితే ఒక్క అక్షరమే పట్టుకుంటుంది. ప్రాసెసర్ దాన్ని అందుకునేలోపు ఇంకోటి వస్తే మొదటిది పోతుంది. అలా ఉంటే కొత్త ఐఓ కార్డు (పోర్టులుండే కార్డు) కొనుక్కో, నేను డబ్బు పంపుతాను.

కేబుల్ పెట్టేటప్పుడు జాగ్రత్త. వెనక 25 పిన్నుల సైజువి రెండు పోర్టులు ఉంటాయి. రంధ్రాలున్నది ప్రింటర్‌ది, పిన్నులు బయటికి ఉన్నది కామ్ 2. నీ కేబుల్‌కి ఆ కొస 9 పిన్నులదైతే కన్వర్టర్ తీసుకో.

ఇంటర్నెట్‌కి కలవడానికి కావాల్సిన డయల్‌అప్ నెట్‌వర్కింగ్, టీసీపీ/ఐపీ అనే విండోస్ భాగాలు మనం ఎప్పుడూ వేసుకోలేదు, ఇప్పుడు వెయ్యాలి. విండోస్ 95 సీడీ దగ్గర ఉంచుకో, అడుగుతుంది. మోడెమ్ మీద 56కె అని ఉన్నా దిగేదానికే ఆ వేగం, అదీ లైను బాగుంటేనే. పంపేది మామూలుగా 33.6కె దాటదు. కింద ఇంటి ఓనరు గారితో నీది ప్యారలల్ లైనని అన్నావు కదా, వాళ్ళు రిసీవర్ ఎత్తితే కనెక్షన్ తెగుతుంది. వాళ్ళు పడుకున్నాక వాడుకో, ముందే ఒక మాట చెప్పు.

ఈ నెలలో సాయంత్రాలు ఈదురుగాలి, ఉరుములు ఎక్కువ. మబ్బు పట్టగానే ఫోను వైరు గోడ నుంచి పీకెయ్యి. స్విచ్ ఆపితే సరిపోదు, పిడుగు టెలిఫోన్ తీగ మీద నుంచి కూడా వస్తుంది.

నాన్న శనివారం పని మీద బెజవాడ వస్తున్నారు. పాత మోడెమ్ కార్డు, ఫ్లాపీలు ఆయన చేతికిచ్చి పంపు. షాపులో రెండో సిస్టంకి పెట్టుకుంటాను. ఎంఎస్‌డిలో ఏ చిప్పు వచ్చిందో చీటీ మీద రాసి ఆ పొట్లంలోనే పెట్టు.

ఆశీస్సులతో,
అమ్మ