ఈ రోజు ఎన్ని గ్రాములు?

పిట్స్‌బర్గ్,
జూన్ 14

అక్కా,

ఫోన్‌లో అయితే చెప్పాల్సింది సగంలోనే ఆగిపోతుంది, అందుకే రాస్తున్నాను. అమ్మకీ నాన్నకీ ఇంకా చెప్పలేదు. ముందు నువ్వు చదువు.

నా పీడియాట్రిక్స్ రెసిడెన్సీ, అదే పిల్లల వైద్యంలో శిక్షణ, ఇంకో ఏడాదిలో అయిపోతుంది. అవ్వగానే బెంగళూరు వచ్చేసి జయనగర్‌లోనో బనశంకరిలోనో క్లినిక్ పెడతానని నాన్న హిందూపురం చుట్టాలందరికీ చెప్పేశాడు. నేనేమో నియోనేటాలజీ ఫెలోషిప్‌కి అప్లై చేయబోతున్నాను. అప్పుడే పుట్టిన పిల్లల వైద్యం, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టినవాళ్ళది. ఇంకో మూడేళ్ళ శిక్షణ.

ఎందుకో నీకు వేరే చెప్పక్కర్లేదు. బుజ్జిగాడు 30 వారాలకే 1,300 గ్రాములతో పుట్టినప్పుడు నేనిక్కడ మొదటి ఏడాదిలో ఉన్నాను. నైట్ డ్యూటీలో ఉండగా ఫోన్ చేసి, "ఎలా ఉన్నాడంటే స్టేబుల్ అంటున్నారే, అంటే ఏంది?" అని అడిగావు. అక్కడివాళ్ళు వాడిని బాగానే చూసుకున్నారు, నీకు చెప్పే తీరిక మాత్రం ఎవరికీ లేకపోయింది. వారం తిరక్కుండానే వాడు 1,180కి తగ్గితే నీ పాలు చాలలేదనుకుని ఏడ్చావు. పుట్టిన కొత్తలో ఒంట్లోని నీరు పోయి బరువు తగ్గుతుందని, మళ్ళీ పుట్టిన బరువుకి రావడానికి రెండు వారాలదాకా పడుతుందని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ రెండు మాటలు విన్నాక నువ్వు ఆ రాత్రి నిద్రపోయావని బావ చెప్పాడు. అప్పటినుంచి మనిద్దరికీ రోజూ అదే మాట, "ఈ రోజు ఎన్ని గ్రాములు?"

నువ్వు పంపిన ఆ వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది. మానిటర్ మోగుతుంది, వాడి ఛాతీ కదలదు, నర్సు అరికాలు రుద్దుతుంది, అప్పుడు లేస్తుంది ఊపిరి. మెదడులో ఊపిరిని నడిపించే భాగం ఆ వయసుకి ఇంకా ముదరదు. 20 సెకన్లు ఊపిరి ఆగితే ఆప్నియా అంటాం. దానికిచ్చే మందు కెఫీన్, మన కాఫీలో ఉండేదే అంటే నువ్వు నమ్మలేదు.

పోయిన నెల ఇక్కడ ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో, 24 వారాలకే పుట్టిన పాప ఉండేది. 640 గ్రాములు. నోటితో తాగే శక్తి ఇంకా రాలేదు కదా, అందుకని వాళ్ళమ్మ ముర్రుపాలు సన్న సిరంజిలో తీసి, రెండు బుగ్గల లోపల చెరో చుక్క వేశాను. ఉన్నట్టుండి పాప నాలుక బయటికి చాపి, మళ్ళీ లోపలికి లాక్కుంది. అంతే. పక్కన నిలబడ్డ తల్లి నా చెయ్యి పట్టుకుంది. మానిటర్ మీద ఏ గీత దేనిదో ఒక్కొక్కటీ ఆమెకి చూపించాను. మర్నాడు ఆమె చిన్న నోట్‌బుక్ తెచ్చుకుని పాప బరువు రాసుకోవడం మొదలుపెట్టింది. నాకు నువ్వే గుర్తొచ్చావు. జీవితమంతా ఈ పనే చేయాలని అప్పుడే తేల్చుకున్నాను.

జులైలో అప్లికేషన్ వెళ్తుంది. సిఫార్సు ఉత్తరాలు వచ్చేశాయి. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా వీడియోలో ఇంటర్వ్యూలు. తర్వాత నాకు నచ్చిన ఆస్పత్రుల వరుస నేను రాసిస్తాను, వాళ్ళకు నచ్చిన డాక్టర్ల వరుస వాళ్ళు ఇస్తారు. రెండూ కలిపి చూసి నవంబర్ చివర్లోనో డిసెంబర్ మొదట్లోనో చెప్తారు. ఎక్కడొస్తే అక్కడికి వెళ్ళాల్సిందే. టెన్షన్‌గానే ఉంది.

అప్లికేషన్‌తో పాటు నేనెందుకు ఇందులోకి వస్తున్నానో ఒక పేజీ రాయాలి. మూడుసార్లు రాసి చింపేశాను. బుజ్జిగాడి గురించి రాయకుండా అది కుదరడం లేదు. పేరు పెట్టను. బావ చొక్కా విప్పి వాడిని గుండెకి హత్తుకుని గంటలకొద్దీ కూర్చున్నాడే, అది రాయాలని ఉంది. తక్కువ బరువు పిల్లల్ని పుట్టగానే అలా ఒంటికి ఆనించి ఉంచితే మరణాలు నాలుగో వంతు తగ్గాయని మన దేశంలోనూ నాలుగు ఆఫ్రికా దేశాల్లోనూ చేసిన పరిశోధన 2021లో తేల్చింది. బావకి ఇది చదివి వినిపించు. రాయొచ్చో లేదో మీరిద్దరూ అనుకుని చెప్పండి. వద్దంటే రాయను.

నాన్న సంగతి నువ్వే చూడాలి. నాది జె-1 వీసా, ఇక్కడ శిక్షణకి వచ్చినవాళ్ళకి ఇచ్చేది. రెసిడెన్సీ మూడేళ్ళు, ఇది మూడేళ్ళు. ఆ తర్వాత రెండేళ్ళు మన దేశంలో ఉండాలన్నది నిబంధన. మినహాయింపు అడిగే దారి ఉంది, నేను అడగను. తిరిగి వస్తానని నేనే రాసిచ్చానని నాన్నకి చెప్పు. అమ్మకి మాత్రం నేనే ఫోన్ చేస్తాను.

బుజ్జిగాడికి రెండో ఏడు నిండబోతోంది కదా, కళ్ళ డాక్టర్‌కి మళ్ళీ చూపించావా? నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి చూపు ఇబ్బందులు తర్వాత కూడా రావచ్చు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు రెటీనా పరీక్ష చేశారులే అని ఊరుకోవద్దు. ఈ నెలలోనే తీసుకెళ్ళి, ఏమన్నారో నాకు రాయి.

నీ చెల్లి