12వ పాఠంలో అరంగుళం అంగుళమైంది

అందరికీ నమస్కారం.

మన బ్లౌజు కోర్సులో 12వ పాఠం చూసి గుడ్డ కోసినవాళ్ళు ముందుగా ఇది చదవండి. వెనక భాగం చంక కన్నా ముందు భాగం చంకను అరంగుళం ఎక్కువ లోపలికి తీయాలని వీడియోలో చెప్పాను. వీడియో కింద వచ్చే అక్షరాల్లో (క్యాప్షన్లలో) మాత్రం "అంగుళం" అని పడింది. దాదాపు మూడు వారాలు అలాగే ఉండిపోయింది. వింటూ చూసినవాళ్ళకి ఏ నష్టమూ లేదు, చెవికి సరిగ్గానే వినిపించింది. వినపడక ఆ అక్షరాల మీదే ఆధారపడిన ఒకామె మాత్రం గుడ్డ పోగొట్టుకున్నారు.

ఆమె రాసిన మెసేజ్ ఇది: "మేడమ్, మీరు చెప్పినట్టే కోశాను. ముందు భాగం ఛాతీ దగ్గర లాగేస్తోంది." కింద ఫొటో. ఉప్పాడ చీరతో వచ్చిన జాకెట్టు ముక్క. చీరతో వచ్చిన ముక్క పాడైతే దానికి జోడీ ఏ కొట్లోనూ దొరకదని మీకు నేను చెప్పక్కర్లేదు. డబ్బు పంపుతానంటే ఆమె ఒప్పుకోలేదు. చేతులకని ఉంచిన గుడ్డలోంచి ముందు భాగాలు మళ్ళీ కోసుకుని, చేతులకు వేరే రంగు గుడ్డ వేసుకున్నారు. నిజం చెప్పాలంటే నాకా ఆలోచన వచ్చేది కాదు. బ్లౌజు బాగుంది. అలాగని నా తప్పు మాసిపోదు.

అసలు ఈ క్యాప్షన్ల పని ఎందుకు మొదలుపెట్టామో చెప్తాను. మిషన్ పక్కన ఫోన్ పెట్టుకుని పాఠం చూసేవాళ్ళు మీలో చాలామంది. మోటారు మిషన్ తిరుగుతుంటే నా మాట వినపడదు, ఆపితే కుట్టు ఆగిపోతుంది. చంటిపిల్లల్ని పడుకోబెట్టి రాత్రి పదింటికి చూసేవాళ్ళు సౌండ్ పెట్టలేరు. వినికిడి లేనివాళ్ళు ముగ్గురు చేరారు. వీళ్ళందరూ ఏడాదిగా అడుగుతున్నారు, నేను "చేద్దాం, చేద్దాం" అంటూ వాయిదా వేస్తున్నాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో క్లోజ్డ్ క్యాప్షన్ల ప్రస్తావన ఉంది, అది ప్రభుత్వాలు చూసుకోవాల్సిన బాధ్యతగా రాశారు. మాలాంటి చిన్న క్లాసుని ఎవరూ వచ్చి అడగలేదు. అడగరు కదా అనే నేనూ ఊరుకున్నాను.

మన కోర్సు నడిచేది మూడుల్ మీద. ఆన్‌లైన్ క్లాసులు నడుపుకోవడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అది. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డౌగియామాస్ తయారుచేశారు, మొదటి వెర్షన్ 2002లో వచ్చింది. లైసెన్సు ఖర్చు లేదు, సర్వర్ అద్దె కట్టుకుంటే చాలు. మన ఫీజు తక్కువ ఉండటానికి అదీ ఒక కారణం. అందులో వీడియో పెట్టేచోటే క్యాప్షన్ ఫైలు జతచేసే సదుపాయం ఉంది. ఏళ్ళ తరబడి నా కళ్ళ ముందే ఉన్నా ఒక్కసారి కూడా నొక్కి చూడలేదు.

మొదట నేను చేసిన పని ఇంకా తెలివితక్కువది. అక్షరాల్ని వీడియో మీదే అచ్చు వేయించాను. మూడు పాఠాలు అయ్యాక చూస్తే, అక్షరాలు సరిగ్గా కత్తెర నడిచే చోట పడుతున్నాయి. సుద్ద గీత కనపడదు. పైగా ఒక్క అక్షరం దిద్దాలన్నా వీడియో మొత్తం మళ్ళీ తయారుచేసి ఎక్కించాలి. ఆ మూడూ తీసేసి, అక్షరాలకు విడిగా ఫైలు పెట్టే పద్ధతికి వచ్చాం. అందులో తప్పు దొరికితే రెండు నిమిషాల్లో దిద్దొచ్చు. అవసరమైన చోట అక్షరాల్ని తెర పైభాగానికి పంపొచ్చు. కటింగ్ పాఠాలన్నిటికీ ఇప్పుడు పైనే వస్తాయి.

ఆ ఫైలుతోనూ రెండు రోజులు తిప్పలు పడ్డాం. మాకు దొరికిన పరికరం ఎస్‌ఆర్‌టీ రకం ఫైలు ఇస్తుంది, మూడుల్ ప్లేయర్‌కి కావలసింది వెబ్ వీటీటీ రకం. చూడటానికి రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. మొదటిదాంట్లో సెకన్లకూ మిల్లీసెకన్లకూ మధ్య కామా ఉంటుంది, రెండోదాంట్లో చుక్క. రెండోదాంట్లో మొదటి వరుసలో ఆ రకం పేరు కూడా ఉండాలి. మేం పేరు మార్చి ఎక్కించేశాం, కామాలు అలాగే ఉన్నాయి. తెర మీద ఒక్క అక్షరం రాలేదు, తప్పని చెప్పేవాళ్ళూ లేరు. తర్వాత కామాలు మారిస్తే ఈసారి తెలుగు బదులు ప్రశ్నార్థకాల వరుస వచ్చింది. మా పాత కంప్యూటర్లో ఫైలు సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకోలేదట. అది ఎంచుకోకపోతే తెలుగు అక్షరాలు దక్కవు. మా మరిది ఫోన్లో చెప్తే తెలిసింది, ఆయన నవ్విన నవ్వు ఇంకా మర్చిపోలేదు.

ఇక అసలు తప్పు. మాటల్ని అక్షరాలుగా మార్చే పని ఒక సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పాం. మామూలు మాటలు ఫరవాలేదు. కుట్టు మాటలకి వచ్చేసరికి "చంక రౌండు" కాస్తా "శంఖ రౌండు" అయింది. "పావు తక్కువ ఏడు" అన్నది "పావు తక్కువేదో" అయింది. "ముప్పావు ఇంచు" ఒకచోట "ముప్పై ఇంచు" అయింది. ముప్పై ఇంచులంటే ఎవరూ నమ్మరు, కాబట్టి దానివల్ల ప్రమాదం లేదు. నవ్వుకుని దిద్దేశాం. చూడగానే నిజంలా అనిపించే తప్పే కొంప ముంచుతుంది. అరంగుళం, అంగుళం. రెండూ టేపు మీద ఉన్నవే, రెండూ చంక దగ్గర రావడానికి వీలున్నవే.

అలాగని నేను చూడలేదా అంటే చూశాను. 12వ పాఠం మొదటి నుంచి చివరిదాకా చూశాను, సౌండ్ పెట్టుకుని. నా గొంతు "అరంగుళం" అంటుంటే నా కళ్ళు కూడా "అరంగుళం" అనే చదివేశాయి. అక్కడ లేని "అర"ని చెవి పూరించింది.

అందుకే ఇప్పుడు పద్ధతి మార్చాం. మా దగ్గర పనిచేసే అమ్మాయి సౌండ్ పూర్తిగా తీసేసి, తెర మీది అక్షరాలు మాత్రం చదువుతూ న్యూస్‌పేపర్ మీద కటింగ్ చేస్తుంది. ఆ పేపర్ ముక్కని నా అసలు ప్యాటర్న్ మీద పెట్టి చూస్తాం. సరిపోతేనే పాఠం పైకి వెళ్తుంది. పేపర్ కటింగ్‌తోనే కదా మనందరం ఈ పని నేర్చుకున్నది. ఇలా చేస్తే 5వ పాఠంలో మెడ లోతు, 19లో కటోరీ ముక్క (ఛాతీ దగ్గర గిన్నె ఆకారంలో వచ్చేది) కొలత, రెండు తప్పులు దొరికాయి. రెండూ దిద్దాం.

ఆ అమ్మాయే ఇంకో సంగతి పట్టుకుంది. తెలుగులో "చేయండి", "చేయకండి" తేలేది వాక్యం చివర. నేను "ఈ గీత మీద కత్తెర పెట్టకండి" అంటే, "ఈ గీత మీద కత్తెర" ఒక తెరలో, "పెట్టకండి" తర్వాతి తెరలో వచ్చాయి. రెండోది వచ్చేలోపే ఆమె పేపర్ కోసేసింది! గుడ్డ కానందుకు సంతోషించాం. వద్దని చెప్పే వాక్యాలన్నీ ఇప్పుడు విరగకుండా ఒకే తెరలో వస్తున్నాయి. అవి పట్టాలంటే నేను పొడుగ్గా మాట్లాడకూడదు. కొత్త వీడియోల్లో నా మాటలు పొట్టిగా ఉంటే కోపమొచ్చిందనుకోకండి.

శబ్దాలు కూడా రాస్తున్నాం. బాబిన్‌లో దారం అయిపోయినప్పుడు మిషన్ చప్పుడు మారుతుంది, సూది వంగితే కింద టక్కుమని తగులుతుంది. వినేవాళ్ళకి అది పాఠంలో భాగమే. "సూది ప్లేటుకి తగులుతున్న శబ్దం" అని రాస్తే మిగతావాళ్ళకీ తెలుస్తుంది. మాటలు మాత్రం నేను ఎలా పలికితే అలాగే ఉంచుతున్నాం. వరంగల్ నుంచి ఒకావిడ "ఉల్టా అని రాయండి, తిరగేసి అంటే ఏ వైపో అర్థం కాలేదు" అన్నారు. నిజమే. అలాంటి చోట రెండు మాటలూ పెడుతున్నాం.

ఇప్పటి పరిస్థితి: 64 పాఠాల్లో 41 పేపర్ పరీక్ష దాటాయి. వాటి పేరు పక్కన "సరిచూసినది" అని ఉంటుంది. మిగతా 23 పాఠాల్లో సాఫ్ట్‌వేర్ రాసిన క్యాప్షన్లు పూర్తిగా తీసేశాను. కొందరికి ఇది నచ్చలేదు, "ఏదో ఒకటి ఉంటే నయం కదా అక్కా" అన్నారు. కొలతల పాఠంలో ఏదో ఒకటి ఉండటం నయం కాదని ఉప్పాడ ముక్క చూశాక నాకు అర్థమైంది. అవి తొందరగా కావాలని ఎవరైనా అడిగితే ఆ పాఠాన్ని ముందుకు జరుపుతాం.

ఇరవై నిమిషాల పాఠానికి మూడు గంటల పైనే పడుతోంది. శ్రావణమాసం ఆర్డర్లు మొదలైతే మా ఇద్దరికీ తల ఎత్తే తీరిక ఉండదు, కాబట్టి దసరాకి ముందు అన్నీ అవుతాయని మాట ఇవ్వలేను. ఫీజు పెంచడం లేదు. అమెరికాలో ఉన్న కొందరు తెలుగు వినగలం, చదవలేం, ఇంగ్లీషులో కావాలన్నారు. తెలుగువి పూర్తయ్యాకే అది. సంజ్ఞా భాషలో పాఠాలు అడిగిన ఇద్దరికి నా దగ్గర ఇప్పటికి జవాబు లేదు. సంజ్ఞా భాషే సొంత భాషగా పెరిగినవాళ్ళకి తెలుగు అక్షరాలు రెండో భాషతో సమానమని వాళ్ళు చెప్తేనే తెలిసింది.

ఎక్కడైనా తప్పు కనిపిస్తే పాఠం నంబరు, నిమిషం రాసి పంపండి చాలు. 12వ పాఠం క్యాప్షన్ చూసి ఇప్పటికే ముందు భాగం కోసేసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే, చేతుల గుడ్డ మీద కత్తెర పెట్టకండి. ముందు నాకు ఫొటో పంపండి.