పెన్నా వరద వార్తలు: గ్రూపులో పెట్టే ముందు

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి పెన్నా మీదున్న సోమశిల డ్యామ్ కట్ట తెగిందని ఇక్కడ ఒక వాయిస్ ఫార్వర్డ్ అయింది, అది అబద్ధం, కానీ అది విని మా పక్కింటి పెద్దమ్మ మనవరాలిని ఎత్తుకుని ఆ వానలోనే రోడ్డు మీదికి వచ్చేసింది. నాకు చాలా బాధేసింది.

2021 నవంబరు గుర్తుందిగా? పైన పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట నిజంగానే తెగింది, సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ రోజు మా వీధికొచ్చిన వీఆర్వో "నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో నాకూ తెలీదమ్మా, కానీ తెల్లారేలోగా వస్తాయి" అని ఉన్నదున్నట్టు చెప్పాడు, అందుకే ఇల్లు వదలనని మొండికేసిన ముసలాళ్లు కూడా కదిలారు. ఏం కాదులే అని చెప్పుంటే ఎవరూ కదిలేవాళ్లు కాదు. ఇలా రెండుసార్లు ఉత్తుత్తి భయం పెడితే మూడోసారి నిజం చెప్పినా మనవాళ్లు వినరు, నా టెన్షన్ అదే.

ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో లేకుండా ఏదీ పెట్టొద్దు. అనుమానముంటే 1077కి ఫోన్ చేయండి, అది జిల్లా కంట్రోల్ రూమ్. ఆ వాయిస్ పెట్టినవాళ్లు దయచేసి తీసేయండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.